ఎలుగుకు పెట్టిన కళ్లు

మా బావ సోములు ముఖం మీద ఎలుగుబంటి పడింది అరవై ఎనిమిదో సంవత్సరం ఫాల్గుణంలో, జీడిపిక్కలు రాలడం మొదలైన రోజుల్లో. తెల్లవారకముందే పిక్కలు ఏరడానికి తోటకు వెళ్లినవాణ్ణి నలుగురు నులకమంచం మీద మోసుకొచ్చారు. పెద్దాసుపత్రిలో నెలా పది రోజులు ఉంచి, ఎడమ కన్ను తీసేసి, చెంప కుట్టి పంపించారు.

ప్రాణం దక్కింది కదా అని ఊళ్లో అందరూ అన్నారు. నిజమే. కానీ ఇంటికొచ్చిన మనిషి గది దాటి రావడం మానేశాడు. తువ్వాలు ముఖానికి చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఆయన భార్య, మా అప్ప తాయారు, అన్నం లోపలికే తీసుకెళ్లేది. పలకరించడానికి ఎవరొచ్చినా ఆయన చెప్పేది ఒకటే మాట.

“అది సచ్చిందని సెప్పండి. ఆ రోజు బయటికొస్తాను.”

అప్ప నన్ను ఒకేసారి అడిగింది.

“ఒరే ఎల్లాజీ, అంత సదువు సదివావు. ఒక ఎలుగుని సంపించాలంటే ఏటి సెయ్యాలో ఆ సదువులో ఎక్కడా నేదేటి?”

ఎగతాళికి అడగలేదు. ఉంటుందనే అనుకుంది. మా ఇంట్లో పలక పట్టిన మొదటివాణ్ణి నేనే. విజయనగరంలో బి.ఏ. చదివాను. ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులకు జవాబులు రాక, కాశీబుగ్గలో గణపతిరావుగారి ఫోటో స్టూడియోలో టచింగ్ పనికి కుదిరాను. టచింగ్ అంటే నెగెటివు మీద సన్నటి పెన్సిల్‌తో ముఖాల మీది మచ్చలు, ముడతలు పోగొట్టడం. మా ఊరు ఉద్దానంలో, కాశీబుగ్గకు సైకిలు మీద గంట దూరం. ఆదివారం ఆదివారం వచ్చేవాణ్ణి. ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి పెట్టేవాణ్ణి, అర్జీలు రాసేవాణ్ణి. అలాగే ఈ పని కూడా నా మీద పడింది.

ఊళ్లో తుపాకీ ఉన్నది నరసింగరావు బాబు ఒక్కరికే. అరవై దాటిన మనిషి. నేనూ, మా కూర్మయ్య మావా కలిసి ఆయన అరుగు మీదికి వెళ్లాం.

“సంపడం పెద్ద పని కాదురా,” అన్నారాయన. “దేన్ని సంపాలో తెల్డం పని. మన తోటల్లో మూడు తిరగతన్నాయి. ఆటిలో ఒకటి పిల్లల తల్లని గొర్రెలోలు సెప్తన్నారు.”

ఆయన సంగతి ఊరంతటికీ తెలుసు. పదేళ్ల కిందట ఆయన ఒక ఆడ ఎలుగును కొట్టారు. చీకటి విడిపోని వేళ. దాని వీపు మీద రెండు పిల్లలున్నాయి. ఎలుగు పిల్లలు నడక వచ్చాక కూడా తల్లి వీపు మీద బొచ్చు పట్టుకునే తిరుగుతాయి. తల్లి చచ్చాక ఆ రెండూ దాన్ని వదల్లేదట. రెండు రోజులు దాని మీదే ఉన్నాయట. ఆ అరుపు ఊళ్లోకి వినిపించేదట. అప్పటికి బతికి ఉన్న వాళ్లమ్మ మహాలక్ష్మమ్మగారు కొడుకు చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుని, పిల్లల తల్లి మీద ఇంకెప్పుడూ తుపాకీ ఎత్తనని మాట తీసుకున్నారు.

“ఇప్పుడు నా కళ్లకి పొర కమ్మింది,” అన్నారు నరసింగరావు బాబు. “నల్లగా ఏదైనా నలభై గజాల్లో నిలబడితే కొట్టీగలను. దాని ఈపు మీద ఏటున్నాదో మాత్రం ఆనదు.”

“పక్కన ఎవుడో ఒకడు కూకుని సెప్తాడు బాబూ,” అన్నాడు మావ.

“అప్పుడూ ఒకడు కూకుని సెప్పేడు. ఒంటిదే బాబూ కొట్టీండి అన్నాడు. భయమేస్తే మనిసి నోటికేది వస్తే అది సెప్తాడు.” ఆయన నా వైపు తిరిగారు. “నీకాడ ఫొటో మిసను ఉన్నాది కదా. సోములు పడ్డ సోట ఉన్న పనసకి అలవాటు పడిందేదో, దాన్ని తీసి తే. పెద్దది సెయ్యి, పళ్లెమంత. పట్టపగలు ఎదర ఎట్టుకుని సూస్తాను. కెమేరాకి భయం నేదు కదా. ఒంటిదైతే మర్నాడే కొట్టీస్తాను. పిల్లలుంటే ఇంక నన్నడక్కండి.”

ఇది న్యాయంగానే తోచింది నాకు. సరేనన్నాను.

గణపతిరావుగారిని అడిగి సెలవు పెట్టి, రెండు కళ్ల కెమెరా తెచ్చాను. పైనుంచి వంగి చూస్తే చదరపు గాజు మీద బొమ్మ కనిపించే రకం. ఆ గాజులో కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయి. స్టూడియోలో దానితో ఇబ్బంది లేదు. మనుషులను స్టూలు మీద కూర్చోబెట్టి, కొంచెం ఇటు జరగండి అంటే వాళ్లే జరుగుతారు. ఎలుగుకు ఆ మాట చెప్పడం ఎలా?

దిబ్బ మీదున్న పనస చెట్టుకు ముప్పై నలభై గజాల దూరంలో, పల్లంలో ఉన్న మామిడి మీద మంచె కట్టాం. నేనూ మావా తెల్లవారుజామున ఎక్కి కూర్చునేవాళ్లం. రెండు రోజులు ఏమీ రాలేదు, చీమలు తప్ప. మూడోనాడు వెలుతురు పడుతున్న వేళ, ముందు చప్పుడు వచ్చింది, కొలిమి తిత్తి ఊదుతున్నట్టు. ఆ తర్వాత జీడిపొదల్లోంచి నల్లగా ఒకటి నడిచి వచ్చి, కింద రాలి పగిలిన పనసకాయ ముందు ఆగింది.

నా చేతులు నా మాట వినలేదు. గాజులో అది ఎడమకు కదిలింది. నేను కెమెరాను ఎడమకు తిప్పాను. అది గాజులోంచి పోయింది. తల ఎత్తి చూస్తే కుడివైపున ఉంది. మళ్లీ వంగాను. మళ్లీ తప్పు వైపు తిప్పాను. మీట నొక్కుతున్నాను, ఫిలిం తిప్పుతున్నాను, నొక్కుతున్నాను. ఏడు తీశాను. అది ఒకసారి పక్కకు తిరిగి, తల మాత్రం మా వైపు తిప్పి నిలబడింది, వెనకాల తెల్లటి ఆకాశం ఉంది, అది మటుకు గుర్తుంది. తర్వాత వచ్చిన దారినే వెళ్లిపోయింది.

“నివ్వు సూసావా మావా?” అని అడిగాను. “దాని ఈపు మీద ఏటైనా ఉన్నాదా?”

“నాను కళ్లు మూసుకున్నాను,” అన్నాడు మావ. “నివ్వు తీస్తన్నావు కదా అని.”

నేను చూసింది ఎలుగునో, గాజు మీద కదిలిన నలుపునో నాకే తెలియలేదు. సరే, ఫిలింలో ఉంటుంది కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

ఏడింటిలో పనికొచ్చేది ఒకటే వచ్చింది. పక్కకు తిరిగి నిలబడినది. అదీ పలుచగా ఉంది, వెలుతురు చాలలేదు. గణపతిరావుగారు నెగెటివును దీపం ముందు పట్టుకుని చాలాసేపు చూశారు. ఆయనది మా ప్రాంతంలో పేరు పడ్డ చెయ్యి. మనిషి పోయాక గానీ ఫోటో లేదని గుర్తుకురాని కుటుంబాలు చాలా ఉంటాయి. శవాన్ని గోడకు ఆనించి తీసిన ఫోటో తెచ్చి, కళ్లు తెరిపించండి బాబూ అంటారు. ఆయన సన్నటి బ్రష్షుతో తెరిపించేవారు. చుట్టాలు వచ్చి, అచ్చం అలాగే చూసేవాడు మా నాన్న అని ఏడ్చేవారు.

“ఎలుగుకి మొకం నేదు, సూడు,” అన్నారాయన. “మసిగుడ్డలాగున్నాది. పాపం మీ బావ సూస్తాడు కదా, ఒక తీరుగా ఉండాల. నివ్వు నెగెటివు సుబ్రం సెయ్యి. ప్రింటు సంగతి నాను సూస్తాను.”

నేను నెగెటివును టచింగ్ బల్ల మీద పెట్టాను. నెగెటివులో అంతా తలకిందులు. నల్లటి ఎలుగు అక్కడ తేటగా గాజులా ఉంటుంది, తెల్లటి ఆకాశం నల్లగా ఉంటుంది. ఆకాశంలో నాలుగైదు తేట చుక్కలున్నాయి, దుమ్ము పడినవి. పెన్సిల్‌తో మూసేశాను. ఒక గీత ఉంది, మూసేశాను. ఎలుగు వీపు మీద, మెడకు కొంచెం వెనగ్గా, చిన్న బుడిపె ఒకటి ఆకాశంలోకి పొడుచుకుని ఉంది. అదీ మూసేశాను.

ఆలోచించలేదా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. బల్ల ముందు కూర్చుంటే ఎదురుగా ఉన్నది ఎలుగనిపించదు, నెగెటివు అనిపిస్తుంది. నా పనంతా అదే. భుజం వెనక కుర్చీ కొమ్ము కనిపిస్తే తీసేస్తాను. తల మీద గోడ మేకు కనిపిస్తే తీసేస్తాను. చంటిపిల్లల ఫోటోలకు పిల్ల జారిపోకుండా తల్లి దుప్పటి కప్పుకుని వెనకాల కూర్చుంటుంది. ఆ తల్లి వేళ్లు పిల్ల నడుం దగ్గర కనిపిస్తాయి. రోజుకు ఇద్దరు ముగ్గురు తల్లుల వేళ్లు చెరిపేవాణ్ణి. ఒంటికి అంటుకుని ఏది అదనంగా కనిపించినా తీసేయడానికి నా చెయ్యి నన్ను అడగదు. అది పొద అనుకున్నానా, ఫిలిం మీద బుడగ అనుకున్నానా అంటే, ఏమీ అనుకోలేదనే చెప్పాలి.

గణపతిరావుగారు ప్రింటు వేశారు. అట్టముక్కను తీగకు గుచ్చి ఎలుగు తల మీద నీడ పట్టి, నలుపు తగ్గించి, బొచ్చు విడివిడిగా కనిపించేలా చేశారు. రొమ్ము మీది తెల్ల నామం తేలింది. ఆరాక బ్రష్షు తీసుకుని రెండు కళ్లు పెట్టారు. ఒక్కో కంట్లో తెల్లటి చుక్క. అంతవరకు నల్లగుడ్డలా ఉన్నది కాస్తా మమ్మల్ని చూసింది.

“ఇప్పుడు జంతువులాగున్నాది,” అన్నారాయన. నాకూ చాలా బాగుందనిపించింది. దాచడం దేనికి, గర్వంగా కూడా అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ ప్రింటును నరసింగరావు బాబు చేతిలో పెట్టాను. ఎండలోకి వెళ్లి, చేతులు చాచి చూశారు, దగ్గరగా పెట్టుకుని చూశారు. వేలితో వీపు వెంట తడిమారు.

“ఒంటిది,” అన్నారు. “ఒరే, ఇందులో ఉన్నాది ఉన్నట్టే ఉన్నాదా?”

“ఉన్నట్టే ఉంది బాబూ,” అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు.

“అయితే మంగళవారం తెల్లారి కొట్టీస్తాను.”

అక్కడి నుంచి ప్రింటు బావ దగ్గరకు తీసుకెళ్లాను. గోడవైపు తిరిగి ఉన్న మనిషి ఇటు తిరిగాడు. తువ్వాలు విప్పాడు. ఆ ముఖాన్ని నేను దగ్గరగా చూడటం అదే మొదలు. ఎడమ చెంప పైనుంచి కిందికి ఉండచుట్టుకుని ఉంది. మిగిలిన కంటితో ఫోటో చూశాడు. 

“ఇదే,” అన్నాడు. “ఈ కళ్లే ఎల్లాజీ. మీద పడేముందర నన్ను సూసినాయి సూడు, ఈ కళ్లే. రోజూ కల్లోకి వస్తన్నాయి.”



బావ ఫోటోను ఇంకాసేపు చూసి, “బాగా తీసావురా. నా మొకం కూడా ఇలాగ పెన్సిలెట్టి బాగుసేసీ,” అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన వేళాకోళమాడింది అప్పుడే. తర్వాత లేచాడు. గోడ పట్టుకుని గది దాటాడు, గడప దాటాడు, వీధి అరుగు మీద కూర్చున్నాడు, తువ్వాలు భుజం మీద వేసుకుని. దారిన పోయేవాళ్లు ఆగిపోయారు. అప్ప నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

“ఎల్లుండి సస్తాది,” అని బావ అందరికీ చెప్పాడు.

కాశీబుగ్గకు సైకిలు తొక్కుతుంటే నాకు బుర్ర పనిచేయలేదు. ఆ కళ్లు గణపతిరావుగారు పెట్టినవి. శుక్రవారం మధ్యాహ్నం, భోజనం చేసి వచ్చి పెట్టారు. వాటిని బావ ఎక్కడ చూశాడు? ఫాల్గుణంలో తన మీద పడినదాని కళ్లు శుక్రవారం బ్రష్షులోంచి ఎలా వచ్చాయి? బావ అబద్ధం చెప్పడు. మేమూ ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. కళ్ల దగ్గర ఇలా జరిగితే, ఆ ఫోటోలో ఇంకేమేం మా చేతిలోంచి వచ్చినవో అని ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చింది, వీపు మీది బుడిపె.

స్టూడియోకు వెళ్లి నెగెటివు తీశాను. దూదికి టర్పెంటైన్ తడిపి వీపు దగ్గర మెల్లగా తుడిచాను. పెన్సిల్ పని అంతా పోయింది. బుడిపె తిరిగి వచ్చింది. నీడ పట్టకుండా, బ్రష్షు పెట్టకుండా ఉన్నదున్నట్టు ఒక ప్రింటు వేశాను. మసకగా, నల్లగా, ముఖం లేకుండా వచ్చింది. వీపు మీద పిడికిలంత నలుపు. పక్కకు చిన్నగా ఏదో మొనతేలి ఉంది.

“ఇది ఏటంటారు?” అని గణపతిరావుగారికి చూపించాను.

“పొద.”

“పొదకి సెవిలాగ ఉంటాదేటండీ?”

“ఆకు.” భూతద్దం పెట్టి మళ్లీ చూశారు. “పిల్లనుకుని సూస్తే పిల్లే. ఆకనుకుని సూస్తే ఆకే. నాను ముప్పై ఏళ్లు ఈ పని సేసాను, నన్నడక్కు.”

నేనూ చూశాను. తల అటు వంచితే చెవి, కాలు, పట్టుకున్న చెయ్యి అన్నీ కనిపించాయి. ఇటు వంచితే జీడి కొమ్మ. రాత్రంతా దాన్ని మరచిపోదామని పడుకుని, పొద్దున లేచి మళ్లీ చూశాను. ఏమీ తేలలేదు.

చెప్పాలా వద్దా? ఇది పిల్లే అయితే, నరసింగరావు బాబు తల్లికిచ్చిన మాట నా పెన్సిల్ వల్ల తప్పుతారు. ఆకు అయితే, ఉత్తి అనుమానంతో బావను తిరిగి ఆ గదిలోకి నేనే పంపిస్తాను. ఆయన బయటికొచ్చి ఇంకా ఒక్కరోజే అయింది. చదువుకున్నవాడివి నువ్వే చెప్పు అని అందరూ నన్నడుగుతారు. నేనెవరిని అడగాలి?

సోమవారం సాయంత్రం పని ముగించుకుని ఊరికి వెళ్లాను. నరసింగరావు బాబు అరుగు మీద తుపాకీ గొట్టం తుడుస్తున్నారు. కూర్మయ్య మావ ఉన్నాడు. బావ కూడా ఉన్నాడు, మొహం దాచుకోకుండా, చుట్ట కాల్చుకుంటూ. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

నేను నిలబడే చెప్పాను. రెండో ప్రింటు అరుగు మీద పెట్టాను. బుడిపె చెరిపింది నేనని చెప్పాను. కళ్ల సంగతీ చెప్పాను.

 మావ ఫోటో తీసుకుని చూసి, “పిల్లే,” అన్నాడు. తర్వాత తిప్పి పట్టుకుని, “ఏమో,” అన్నాడు.

“కెమేరాకి భయం నేదనుకున్నాను,” అన్నారు నరసింగరావు బాబు. “దాని ఎనకాల నివ్వున్నావని మర్సిపోయాను.”

ఆయన కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది.

బావ రెండో ప్రింటు తీసుకున్నాడు. ఒంటికన్ను దగ్గరగా పెట్టి చూశాడు.

“ఇదెవరో నాకు తెల్దు,” అన్నాడు. “దీనికి కళ్లు నేవు.”

“లేవు బావా. మేం పెట్టాం.”

“మరి నాకెలాగ తెలిసినాయి?”

“నాకూ తెలీదు.”

“సదువుకున్నావు కదరా.”

 నరసింగరావు బాబు తుపాకీని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు. రేపు రాను అన్నారు. బావ లేచాడు. ఇంటికి పోతాడు, గదిలోకి పోతాడు, ఇక నన్ను చూడనివ్వడు అనుకున్నాను. ఆయన పోలేదు.

“నాను వచ్చి సూసి సెప్తాను బాబూ,” అన్నాడు.

“నీకు భయం నేదేటి?”

“ఉన్నాది.  అయితే దాన్ని సంపాలని నాకున్నంత కోరిక ఇక్కడ ఎవుడికున్నాది? నానే ఒద్దని సెప్పేనంటే మీరు నమ్మొచ్చు కదా.”

నరసింగరావు బాబు చాలాసేపు ఆయన ముఖం వైపు చూశారు. ఎంత కనిపించిందో నాకు తెలియదు.

“నివ్వు నోరిప్పి ఒంటిది అంటేనే కొడతాను,” అన్నారు చివరికి. “ఏటీ అనకపోతే దిగిపోతాను.”

మంగళవారం తెల్లవారుజామున నలుగురం మంచె ఎక్కాం. బావను ఎక్కించడానికి కింద నుంచి మావ, పైనుంచి నేను పట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కాక నా భుజం పట్టుకున్నాడు. వేళ్లు దిగబడిపోయేంత గట్టిగా. వద్దంటే దిగిపోదాం బావా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. కెమెరా కూడా తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చానంటే, ఈసారి దేన్నీ ముట్టుకోకుండా ఒక ఫోటో తీసి, నాకు నేను తేల్చుకుందామని.

తిత్తి ఊదుతున్న చప్పుడు వచ్చింది. బావ వేళ్లు ఇంకా బిగిశాయి. పొదలు కదిలాయి. అది వచ్చి పనస కింద, మా వైపు తిరిగి ఆగింది. ముట్టె తెల్లగా ఉంది, మిగతాదంతా నలుపు. కళ్లు ఎక్కడున్నాయో నాకు కనిపించలేదు. కాయను ముందుకాళ్లతో లాక్కుని, కూర్చుని, చీల్చుకుని తినడం మొదలుపెట్టింది. తొనలు చప్పరిస్తున్న చప్పుడు మాకు వినిపిస్తోంది. వీపు అవతలి వైపుకు ఉంది. నేను కెమెరాలోంచి చూశాను, కెమెరా వదిలేసి చూశాను. వీపు కనిపించలేదు. బావ నాకు ఎడం పక్కన మంచె చివర కూర్చున్నాడు. అక్కడి నుంచి కనిపిస్తుందేమో, కనిపించదేమో.

నరసింగరావు బాబు తుపాకీ ఎత్తారు.

“సెప్పరా,” అన్నారు మెల్లగా.

 బావ ఒంటికన్ను దాని మీదే ఉంది. నేను దాన్ని చూడటం మానేసి బావను చూశాను. ముఖంలో సగం నాకు తెలిసిన సోములు బావ. రెండో సగం చూసి ఏమీ పోల్చుకోవడానికి లేదు.

“సెప్పరా సోములూ. ఒంటిదేనా?”

అది ఒకసారి తల ఎత్తింది. గాలి వాసన చూసింది. మళ్లీ కాయలోకి ముట్టె దూర్చింది.

నా భుజం మీద పట్టు కొంచెం సడలింది.

“ఉన్నాది బాబూ,” అన్నాడు బావ. “పిల్లున్నాది.”

తుపాకీ కిందికి దిగింది. నేను మీట నొక్కాను. ఆ చిన్న టక్కుమన్న చప్పుడుకే అది లేచి, అటు తిరిగి, పొదల్లోకి దూరిపోయింది. తిరిగిన ఆ క్షణంలో వీపు కనిపించి ఉండాలి. నేను అప్పుడు ఫిలిం తిప్పుతున్నాను.

కిందికి దిగాక బావను పక్కకు తీసుకెళ్లి అడిగాను.

“ఎక్కడున్నాది బావా? నాకు కనిపించలేదు.”

“నీకెప్పుడు కనిపించింది గనక,” అన్నాడు.

“నిజంగా సూసావా?”

ఆయన వంగాడు. చెట్టు కింద రాలిన జీడిపళ్లు కుళ్లి ఉన్నాయి. ఒకదాన్నించి పిక్క తిప్పి ఊడదీశాడు. ఇంకొకటి తీశాడు. తువ్వాలు భుజం మీంచి తీసి పరిచి, అందులో వేయడం మొదలుపెట్టాడు. ఇంత పంట ఇలాగ వదిలేసేరేటని మావను తిట్టాడు. నరసింగరావు బాబు తుపాకీ భుజాన వేసుకుని ఊరివైపు నడిచిపోయారు. ఆయన నమ్మారో, నమ్మినట్టు ఉండటమే మేలనుకున్నారో కూడా నేను అడగలేదు.

ఆ ఫిలిం కడిగాను. ఎలుగు ఎదురుగా కూర్చుని ఉంది, కాయ మీదికి వంగి. భుజం మీద ఏదో మసక. పిల్ల తల కావచ్చు. అది ఊపిరి పీల్చినప్పుడు కదిలిన బొచ్చు కావచ్చు. గణపతిరావుగారు చూసి, “కళ్లు ఎట్టనా?” అన్నారు. వద్దండీ అన్నాను. నెగెటివును కూడా ముట్టుకోలేదు. ఒక్క దుమ్ము చుక్కయినా మూయలేదు. అయినా అది నాకు ఏమీ చెప్పలేదు. ఏమీ ముట్టుకోకపోతే నిజం తెలుస్తుందని నేనెందుకు అనుకున్నానో.

ఇప్పుడు తోటకు ఒంటరిగా ఎవరూ వెళ్లడం లేదు. నలుగురైదుగురు కలిసి, పొద్దెక్కాక, డబ్బా వాయించుకుంటూ వెళ్తారు. డబ్బా బావే వాయిస్తాడు. దారిలో పిల్లలు ఆయన ముఖం చూసి పరిగెడితే, “ఎలుగు ముద్దెట్టిందిరా,” అని వెంటపడతాడు. అప్పుడప్పుడు పొద్దున్నే ఒక్కడూ వెళ్లి ఆ మామిడి చెట్టు దగ్గర నిలబడి వస్తున్నాడని మావ చెప్పాడు. దేనికో తెలియదు.

మొన్న ఆదివారం నేను అన్నం తింటుంటే అప్ప విస్తరి ముందు కూర్చుంది. బావ వీధిలో ఎవరితోనో పెద్దగా మాట్లాడుతున్నాడు. అప్ప గొంతు తగ్గించింది.

“ఒరే, ఆ రోజు దాని ఈపు మీద పిల్ల ఉన్నాదా నేదా?”

“బావనడుగప్పా.”

“అడిగాను,” అంది అప్ప, నా విస్తట్లో పులుసు పోస్తూ. “నిన్నడగమన్నాడు.”